బెర్తా బానెట్ తెరవని పన్నెండు రోజులు

ఏప్రిల్ 8, 1974, సోమవారం

ఉదయం 9.10. ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని!

తీర్మానం: ఈ రోజు బెర్తాకు ఆయిల్ మారుస్తాను. బానెట్ మూస్తాను. 20వ తేదీ శనివారం క్రాబ్‌ట్రీ కొండ మీద రేసు ముగిసేదాకా మళ్లీ తెరవను. స్పానర్ ముట్టను.

కారణం కూడా రాసుకోవాలి, మర్చిపోకుండా. బెర్తా 1929 నాటి రెండు సీట్ల రేసు కారు. నాకంటే రెండేళ్లు పెద్దది. దానికి జబ్బేమీ లేదు, జబ్బంతా నాదే. మూడేళ్లుగా రేసు దగ్గరపడగానే, చక్కగా నడుస్తున్న ఇంజన్ని 'ఇంకొంచెం' బాగు చేస్తున్నాను. మొదటి ఏడాది కార్బ్యురేటర్. రెండో ఏడాది వాల్వులు. నిరుడు ఏం చేశానో నాకే తెలియదు. మూడుసార్లూ కొండ సగంలో ఆగిపోయింది. మూడుసార్లూ నా భార్య విన్నీ తన కారుకు తాడు కట్టి పదకొండు మైళ్లు లాక్కొచ్చింది. దారి పొడుగునా జనం మాకు చేతులూపారు.

నిన్న భోజనాల దగ్గర తేల్చి చెప్పేసింది.

"నాలుగోసారి తాడు కట్టానంటే, లైనల్, మనింటికి కాదు. నేరుగా బార్నబీ ఇంటికే లాక్కెళ్తా. బేరం కూడా ఆడను."

బార్నబీ మా పక్కింటాయన. ఆయనకూ ఒక పాత రేసు కారుంది. అయినా మా బెర్తా మీద ఎప్పటినుంచో కన్ను.

11.30. ఆయిల్ మార్చాను! ఇంజన్ని పావుగంట నడిపి వేడెక్కించి, కింద విన్నీ పాత వంట పళ్లెం పెట్టి బోల్టు విప్పాను. నల్లగా, చిక్కగా కారింది. వేళ్ల మధ్య రుద్ది చూశాను, ఇనుప రజను లేదు. కొత్త రాగి వాషరు, కొత్త ఆయిల్ ఆరు పైంట్లు. కొలకడ్డీ ముంచితే సరిగ్గా పై గీతకు వచ్చింది. కాసేపు కడ్డీని అలా చూస్తూ నిలబడ్డాను.

12.15. బానెట్ మూసి తోలు పట్టీ బిగించాను. విన్నీ వచ్చి, పట్టీ బకిలుకు గులాబీ రంగు ఊలు చుట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి, తన ఉంగరంతో ముద్ర వేసింది.

"ఇంత అనుమానమా నా మీద?"

"అనుమానం కాదు. అనుభవం."

ఏప్రిల్ 9, మంగళవారం

షెడ్డు వైపు వెళ్లనే లేదు. గులాబీ మొక్కలు కత్తిరించాను. ఎంత ప్రశాంతం! ఇన్నేళ్లూ ఎందుకు బతికానో అలా!

ఏప్రిల్ 10, బుధవారం

మా గులాబీలు అయిపోయాయి. బార్నబీ గులాబీలు కూడా కత్తిరించాను. ఆయన అడగలేదు.

ఏప్రిల్ 11, గురువారం

10.00. షెడ్డుకు వెళ్లాను. ఊరికే చూడ్డానికి.

10.20. బానెట్‌కు చెవి ఆనించాను. ఇంజన్ ఆపే ఉంది. అయినా లోపల టిక్ టిక్‌మని ఏదో చప్పుడు!

10.25. నా చేతి గడియారం.

ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే

బెర్తా కింది పళ్లెంలో గంటకు నాలుగు చుక్కల ఆయిల్ పడుతోంది. కంగారు లేదు. మా పాత కార్ల క్లబ్బులో అందరి కార్లూ కారతాయి. ఏమీ కారడం లేదంటేనే లోపల ఆయిల్ ఉందో లేదో చూసుకోవాలి. కానీ నిన్న గంటకు మూడే పడ్డాయి. ఈ నాలుగోది ఎక్కడిది?

తీర్మానం మళ్లీ చదివాను. బానెట్ అని ఉంది. కింద నుంచి చూడకూడదని లేదు.

3.10. చూస్తుండగా విన్నీ బూట్లు కనిపించాయి.

"ఏం చేస్తున్నావక్కడ?"

"పడుకున్నా."

"స్పానర్ పట్టుకునా?"

బిగించలేదు. బోల్టు మీద ఊరికే పెట్టి చూశానంతే. అయినా టీతోపాటు నాకు రావలసిన బన్ను రాలేదు.

ఏప్రిల్ 14, ఈస్టర్ ఆదివారం

బార్నబీ తన కారు బయటికి తీశాడు. ఆయన ఇంజన్‌లో పోసేది ఆముదం. పూర్వం రేసు కార్లన్నిటికీ అదే. అది కాలే వాసన వస్తే మా క్లబ్బులో పెద్దమనుషులు మాటలాపి, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీలుస్తారు. బెర్తా అటుగా వెళ్తే పక్కకు తిరిగి దగ్గుతారు.

"నువ్వూ ఆముదం పొయ్యొచ్చుగదయ్యా?" అన్నాడు గోడ మీద మోచేతులు ఆనించి.

"మామూలు ఆయిల్లో కలిస్తే జిగురైపోతుంది. ఇంజన్ మొత్తం విప్పి కడగాలి. పైగా బానెట్‌కు సీలుంది."

"వాసన కోసమేగా? కాస్త పెట్రోల్లో వెయ్. ట్యాంకు వెనకుంది కదా, బానెట్‌తో పనేముంది?"

ఎంత మంచి మనిషి! ఇన్నాళ్లూ అపార్థం చేసుకున్నాను.

ఏప్రిల్ 16, మంగళవారం

మందుల షాపులో ఆరు సీసాల ఆముదం అడిగాను. కౌంటర్ వెనకావిడ జాలిగా చూసింది.

"ఒక్క చెంచా చాలండి. ఎన్నాళ్లయింది మీకు?"

"నాక్కాదండీ. బెర్తాకి."

"అయ్యో పాపం. పెద్దావిడా?"

"నలభై అయిదేళ్లు."

ఒక డాక్టరు పేరు చీటీ మీద రాసిచ్చింది.

ఏప్రిల్ 17, బుధవారం

'కాస్త' అంటే ఎంతో బార్నబీ చెప్పలేదు. ఆరు సీసాలూ పోశాను. బానెట్ తెరవలేదు. తీర్మానం భద్రం!

ఏప్రిల్ 18, గురువారం

వెచ్చటి రోజు. వాకిట్లో పది నిమిషాలు నడిపాను. ఆ వాసన! కళ్లలో నీళ్లు తిరిగాయి.

విన్నీ కిటికీ తెరిచింది. "ఎవరింట్లో చేపలు మాడుతున్నాయి?"

"బార్నబీ ఇంట్లో," అన్నాను.

ఏప్రిల్ 20, శనివారం. రేసు!

ఉదయం 6.30. గడ్డి మీద తెల్లగా మంచు. చలికి ఆయిల్ గడ్డకట్టకుండా విన్నీ వేడినీళ్ల సంచీని ఇంజన్ కింద కట్టాను. ఆమె ఇంకా దాని కోసం మంచమంతా వెతుకుతోంది.

8.50. క్రాబ్‌ట్రీ చేరాం. దారిలో రెండుసార్లు దగ్గింది. చలికి ఎవరు దగ్గరు?

11.05. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఒక్కో కారూ విడిగా కొండెక్కాలి. మొదటి మలుపు బ్రహ్మాండం. రెండో మలుపులో జనం కళ్లు మూసుకున్నారు, పీలుస్తున్నారు! అక్కడి నుంచి కొండ నిటారు. దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగింది.

11.20. వెనక్కి దొర్లుకుంటూ కిందికొచ్చాను. భుజాన తాడుతో విన్నీ. ఆమె పక్కన టీ కప్పుతో బార్నబీ.

విన్నీ వంగి చూసింది. ఊలు చెక్కుచెదరలేదు.

"ఏం చేశావ్?"

"బానెట్ తెరవలేదు."

"అది నేనడగలేదు."

చెప్పాను. ఆముదం తాగిన మొహం పెట్టింది.

"పెట్రోల్లో ఆముదం సరిగ్గా కలవదయ్యా," అన్నాడు బార్నబీ. "చలికి విడిపోయి అడుక్కి దిగుతుంది. కొండెక్కేసరికి ఆ జిగురంతా గొట్టంలోకి పోయుంటుంది. ఆ మాట చెప్పాననుకున్నానే?"

"చెప్పలేదు."

"అవునా?" ఇంకో గుక్క టీ తాగాడు.

కార్బ్యురేటర్ కడిగితే మధ్యాహ్నం నడుస్తుంది. కడగాలంటే బానెట్ తెరవాలి. తెరిస్తే మాట తప్పినట్టు, తెరవకపోతే బెర్తా పోయినట్టు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది.

విన్నీ తాడు కింద పడేసింది. ఊలు పుటుక్కున తెంపింది. ట్యాంకు ఖాళీ చేయించి, కొత్త పెట్రోలు పోయించి, గొట్టం ఊది, తలలోంచి పిన్ను తీసి కార్బ్యురేటర్‌లోని సన్నటి రంధ్రాన్ని శుభ్రం చేసింది. ఎక్కడ నేర్చిందో అడగలేదు. మూడేళ్లు నా వెనకే నిలబడి చూసింది కదా.

తర్వాత నా తలమీది హెల్మెట్ తీసి తను పెట్టుకుంది.

"రేసులో ఒక కారుకు ఇద్దరు డ్రైవర్ల పేర్లు ఇవ్వొచ్చట. మార్చిలోనే నా పేరు ఇచ్చా. దిగు."

3.20. కింద నిలబడి విన్నాను. మొదటి మలుపు. రెండోది. ఇక ఆగుతుంది, ఇక ఆగుతుంది అనుకున్నాను. చప్పుడు సన్నబడుతూ పైపైకే పోయింది. మైకులో చెప్పారు: శ్రీమతి విన్నీ గాథర్‌కోల్, డెబ్బై తొమ్మిది సెకన్లు. చివరి నుంచి రెండో స్థానం! టోపీ ఎగరేశాను. అసూయతో కడుపు మండింది కూడా. బార్నబీ టీ చల్లారిపోయింది.

5.40. ఇంటికి బెర్తాను విన్నీయే నడిపింది. నేను ఆమె కారులో వెనకాల వచ్చాను.

ఏప్రిల్ 21, ఆదివారం

9.00. తర్వాతి రేసు జూన్ 8న. బెర్తాకు కొత్త ఆయిల్ పోసి, బానెట్ మూసి, విన్నీని పిలిచాను.

"సీలు వెయ్యవా?"

"వద్దు. నీ ఇష్టమొచ్చింది తిప్పుకో. నడిపేది నేనే. మధ్యలో ఆగిందంటే మాత్రం తాడు కట్టి లాక్కొచ్చేది నువ్వు. జనానికి చేతులూపేది నేను."

9.40. తీర్మానం: జూన్ 8 దాకా బెర్తా బానెట్ తెరవను. స్పానర్ ముట్టను. ఈసారి నిజంగా!

10.15. నిన్న వస్తుంటే విన్నీ కారు కాస్త దగ్గినట్టనిపించింది. దాని గురించి తీర్మానంలో ఏమీ లేదు.

10.20. తెరిచాను.