మరియమ్మ కొట్టు ముందరి బల్ల

మంగళవారం రాత్రి, ఆత్మకూరు

ఉదయగిరిలో మరియమ్మ టీకొట్టుకు ఇవాళ మళ్లీ వెళ్లాను. ఒక్క టీ తాగి పూటంతా కూర్చునే ముసలివాళ్ల బల్ల తీసేయమని పోయిన నెల సలహా ఇచ్చింది నేనే. ఫీజు తీసుకుని కొట్లకు గిరాకీ పెంచే సలహాలివ్వడం నా పని. తీసేసింది. గిరాకీ సగం పడిపోయింది.

"వాళ్లు కూర్చోనుంటే బస్సు దిగినోళ్లు గూడా ఆగేవాళ్లు అబ్బయ్యా. ఇప్పుడెవురూ ఇటు చూడరు," అంది.

బల్ల మళ్లీ వేయమన్నాను.

"బల్ల వేస్తా. వాళ్లనెట్ట తెచ్చేది? ఎదురు కొట్టుకు అలవాటు పడినారు."

తిట్టి ఉంటే బాగుండేది. టీ ఇచ్చి, ఇప్పుడేం చేయమంటావని అడిగింది.

నిద్ర రావడం లేదు. తక్కువ ఫీజే కదా అని ఆ రోజు ఆ బల్ల మీద నేను కాసేపైనా కూర్చోలేదు.

రేపు వింజమూరులో బట్టల కొట్టు చూడాలి. నేనేం చెప్పినా చేస్తానని ఆ కొట్టతను ఇందాకే ఫోన్ చేశాడు.