పురుటికి రావద్దు తల్లీ

అనకాపల్లి

చిరంజీవి లావణ్యను నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మీ అమ్మ క్షేమం. నా సంగతి కింద రాస్తున్నాను. నువ్వూ, అల్లుడు త్రినాధరావూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్ మోగితే నాకు గుండెదడ వస్తుందని, ఏడో నెల కడుపుతో కూర్చుని కాగితం మీద రాశావు. నా తల్లివి.

అరికాళ్ళ మంటలు తగ్గాయా అని అడిగావు. లేదమ్మా. నేను కాపలా కాసే బెల్లం గోదాములో దొంగతనం జరిగితే, పోలీసులు నన్ను పట్టుకెళ్ళి, చేతులు వెనక్కి కట్టి వేలాడదీసి, అరికాళ్ళ మీద కొట్టారు కదా. అసలు దొంగ దొరికాక వదిలేశారు. ఏళ్ళు గడిచినా సాయంత్రమయ్యేసరికి కాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టే ఉంటాయి. "ఎక్స్‌రేలో ఏటీ లేదు, అంతా నీ మనసులోనే ఉంది" అన్నాడు డాక్టరు. మనసులో ఉంటే కాలెందుకు మండుతుందో ఆయన చెప్పలేదు. చెయ్యి పైకి లేవదు, చొక్కా మీ అమ్మే తొడుగుతుంది. వీధిలో జీపు ఆగితే నా లుంగీ తడిసిపోతుంది. కూతురికి రాయకూడని మాటే, అయినా రాశాను. ఇదివరకు మీ అమ్మ విసుక్కునేది. ఇప్పుడు నోరెత్తకుండా ఉతికి ఆరేస్తోంది. నాకు అదే ఎక్కువ బాధ.

పురుటికి తీసుకెళ్ళడానికి ఎప్పుడు వస్తారని అడిగావు. "బిడ్డ మొకం సూత్తే మీ నాన్న మామూలు మనిసైపోతాడు, వచ్చేయే" అని మీ అమ్మ నీతో అని ఉంటుంది. ఆమె నీ దగ్గర దాచిన సంగతి నేను చెబుతాను.

మొన్న ఎదురింటి పరదేశి మావయ్య భార్య, మనవడిని కాళ్ళ మీద బోర్లా వేసుకుని నీళ్ళు పోస్తోంది. పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నీళ్ళు పోస్తుంటే ఏ పిల్లలైనా ఏడుస్తారు. నేను ఎప్పుడు వీధి దాటానో నాకు తెలియదు. పిల్లాడిని లాక్కుని గోడ మూలకి చేరి, వాడి నోరు అరచేత్తో నొక్కేశానట. "అరవకు బాబూ, అరిత్తే ఇంకా కొడతారు" అంటున్నానట. మీ అమ్మ నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. అప్పటికి పసివాడి మొహం నీలంగా మారిపోయింది.

వాడు బతికాడు. పరదేశి నన్ను కొట్టలేదు. "బావా, ఇంక మా గుమ్మం తొక్కకు" అన్నాడు, అంతే.

వాడిని కాపాడుతున్నాననే అనుకున్నానమ్మా. రేపు నీ బిడ్డ దగ్గరా అలాగే అనుకుంటాను. నా మీద నాకు నమ్మకం లేదు.

అందుకని నువ్వు రావద్దు. తొలి కాన్పు పుట్టింట్లో చేయలేదని మీ అత్తగారు నాలుగు మాటలంటుంది. పడు. నెలలు నిండేసరికి మీ అమ్మనే అక్కడికి పంపిస్తాను, బిడ్డకి నీళ్ళు ఆమే పోస్తుంది. నేను ఒక్కణ్ణీ ఉండగలను.

బిడ్డ పుట్టాక ఏ పేరు పెట్టారో రాయి. ఏడుపు మాత్రం నా చెవిన పడనీయకు.

ఇట్లు,
నిన్ను ఈ కాళ్ళ మీదే ఆడించిన
మీ నాన్న