వార్తల్లో కనబడిన చెయ్యి

అమ్మకి, నేను కులాసా. మొన్న వార్తల్లో కాలిన మచ్చనిబట్టి నా చెయ్యి గుర్తుపట్టి వీధంతా చెప్పుకున్నావని తమ్ముడు రాశాడు. నా చెయ్యి అలా కనబడ్డం పొరపాటమ్మా. వార్తలు చదివే ఆవిడ ముందు ఉండిపోయిన టీ గ్లాసు తీయబోయాను, అప్పటికే ప్రసారం మొదలైపోయింది. "మనం కనబడ్డామంటే పని చెడినట్టేనమ్మా," అన్నారు స్టూడియోలో మా పని చూసే ఫ్లోర్ మేనేజరు. పనిలోంచి తీసెయ్యలేదు గానీ, ఇంకో నెల చూస్తారట.

ఇక్కడ కెమెరా వెనక ఉండేవాళ్లంతా నల్లబట్టలే వేసుకోవాలి. నాన్న పోయాక నువ్వు దాచిన నల్లచొక్కా పంపు. చేతులు పొడుగైనా ఫర్వాలేదు, మచ్చ దాగుతుంది. నీ మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముడికి ఆశీస్సులు.

వార్తలు మాత్రం రోజూ చూడు. నేనెక్కడా కనబడకపోతే, బాగున్నాననుకో.

నీ పెద్దపిల్ల