ఎనభై నాలుగు తీసేస్తే

సెప్టెంబర్ 22, సోమవారం. రోజు 1.

ఉదయం 5:30. లేచాను! అలారం కంటే ముందే!

పరిస్థితి: శనివారం పరగడుపున చేయించిన పరీక్షలో షుగరు 124. "126 దాటితే మాత్రలే, భీమశంకరరావు గారూ. పండగలని వదిలేయకండి" అన్నాడు డాక్టరు. మళ్ళీ పరీక్ష అక్టోబర్ 6న. మా నాన్నకీ మాత్రలతోనే మొదలైంది, తర్వాత సూదులు. సూదంటే నాకు భయం. ఈ సంగతి డైరీకి తప్ప ఎవరికీ చెప్పను.

లలిత విని ఊరుకోలేదు. నా రిపోర్టు వచ్చేదాకా తనూ తీపి ముట్టదట. ఆవిడకి షుగరూ లేదు, బీపీ లేదు. పూతరేకులంటే ప్రాణం. నీకెందుకే అన్నాను. మీకు తోడుగా అంది, దేవుడి ముందు నిలబడి మొక్కేసుకుంది.

కొన్నవి: రాగిపిండి, కీరదోసకాయలు, నడక బూట్లు, బరువు చూసుకునే మిషన్.

బరువు: 84.0. గోడ క్యాలెండర్ మీద పెద్ద అంకెలతో రాశాను.

సెప్టెంబర్ 23. రోజు 2.

రాగిజావ తాగాను. బాగుంది. అంటే, వేడిగా ఉంది.

నడకలో కుర్మయ్య పరిచయమయ్యాడు. తొండుపల్లి మనిషి, డెబ్బై దాటాయి, నాకంటే రెండింతలు వేగం. నా బూట్లు చూశాడు, నా పొట్ట చూశాడు. "నడుసుడొక్కటే ఏం జేస్తది సారూ, జర తినుడు తగ్గియ్యాలె" అన్నాడు. అప్పుడే తగ్గించేశానని చెప్పాను. రెండో రోజే కదా, నిజమే చెప్పాను.

బరువు: 83.8!! ఈ లెక్కన దీపావళికి పెళ్ళినాటి ప్యాంటు పడుతుంది.

సెప్టెంబర్ 25. రోజు 4.

విమానాశ్రయానికి పదిహేను నిమిషాల దూరంలో ఇల్లుంటే వచ్చే చిక్కు ఇది. ఫ్లాటు కొన్నప్పుడు ఊరవతల కొన్నావని ఎగతాళి చేసిన చుట్టాలంతా ఇప్పుడు మా ఇంట్లో భోంచేసి గానీ విమానం ఎక్కరు.

సాయంత్రం 4:00. లలిత అన్నయ్య శివరామకృష్ణ బావ దిగాడు. రాత్రికి మస్కట్ ప్రయాణం. హాల్లో మిషన్ చూసి మొహం వెలిగిపోయింది. పెట్టె దాని మీద సరిగా నిలబడదు కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుని ఎక్కాలి. బావకి నడుం నొప్పి. నేనెక్కాను. మొత్తం 117. క్యాలెండర్ చూసి ఎనభై నాలుగు తీసేశాడు. ముప్ఫై మూడు! విమానంవాళ్ళు ఒప్పుకునేదానికంటే మూడు కిలోలు ఎక్కువ!

తీసి మా బల్ల మీద పెట్టినవి: సున్నుండలు, తాపేశ్వరం కాజాలు, పూతరేకులు రెండు పెట్టెలు.

లలిత పూతరేకుల పెట్టెలు రెండూ ఫ్రిజ్ పైన పెట్టింది. ఆరో తారీఖున విప్పుతానంది. ఒక్కసారి మూత వాసన చూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 27, శనివారం. రోజు 6.

సాయంత్రం 4:15. లలిత పారాయణకి వెళ్ళింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

4:20. సున్నుండ ఒకటి. మినుములు పప్పుధాన్యం. డాక్టరే పప్పులు తినమన్నాడు.

4:35. ఇంకోటి. బెల్లంతో చేసినవి. బెల్లం చక్కెర కాదు, ఇనుము.

4:50. విరిగిన కాజా. విరిగినవి లెక్కలోకి రావు. విరిగింది ఎలాగని అడక్కూడదు.

5:30. లలిత వచ్చింది. ఏం చేస్తున్నారంది. కీరదోస తింటున్నానన్నాను. అప్పటికి చేతిలో అదే ఉంది.

సెప్టెంబర్ 30. రోజు 9.

సద్దుల బతుకమ్మ. కుర్మయ్య భార్య చంద్రమ్మ స్టీలు డబ్బా నిండా మలీద ముద్దలు తెచ్చింది, రొట్టెలు నలిపి బెల్లం కలిపి చేసినవి. నేను షుగరని గొణిగాను. "గౌరమ్మ ప్రసాదం సారూ, వద్దనొద్దు" అంది. అనలేదు. నాలుగు సార్లు అనలేదు.

లలిత కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది. మొక్కు తీరాక తింటుందట, చంద్రమ్మకి నచ్చజెప్పి పంపింది.

బరువు చూసుకోలేదు. మిషన్ బ్యాటరీ ఊరికే ఎందుకు అరగదీయడం!

అక్టోబర్ 2, దసరా. రోజు 11 (అనుకుంటా).

పులిహోర. బూరెలు 4. పరమాన్నం (కప్పు చిన్నది. రెండు సార్లు). పండగ నాడు కూడా మొహం మాడ్చుకుంటే అమ్మవారికి కోపం రాదూ?

నడక లేదు. బూట్లు కరుస్తున్నాయి.

సాయంత్రం. ఫ్రిజ్ పైన రెంటిలో అడుగున ఉన్న పూతరేకుల పెట్టె. పూతరేకు అంటే కాగితమంత పల్చటి పొర, మధ్యలో గాలి. గాలికి షుగరేమిటి? ఒకటితో ఆపుదామనుకున్నాను. పెట్టె ఖాళీ అయింది. మూత పెట్టి మళ్ళీ అడుగునే సర్దేశాను. బూరెలు వండి కూడా నోట్లో వేసుకోని మనిషి పక్క గదిలో బట్టలు మడతపెడుతోంది. నేనేం మనిషిని!

రేపటి నుంచి గట్టిగా.

అక్టోబర్ 4, శనివారం.

ఉదయం 9:00. మా అన్నయ్య కూతురు అలేఖ్య వచ్చింది. పుణెలో ఉద్యోగం, సెలవులు అయిపోయాయి. పదిహేను కిలోలే తీసుకెళ్ళనిస్తారట. మళ్ళీ నేనే పెట్టె పట్టుకుని ఎక్కాను. మొత్తం 101.1. ఎనభై నాలుగు తీసేస్తే పదిహేడు పైనే. పాపం, వదిన చేసిన అరిసెలన్నీ తీసేసింది, జంతికలు కూడా. 98.9 చూశాక ఊపిరి పీల్చుకుని క్యాబ్ ఎక్కింది.

11:20. విమానాశ్రయం నుంచి ఫోన్ చేసింది. లలిత స్పీకర్ పెట్టింది. "పిన్నీ, ఇక్కడ పన్నెండున్నరే చూపిస్తోంది. అమ్మ అరిసెలు అనవసరంగా వదిలేశాను. మీ మిషన్ పాడైందేమో, బాబాయ్‌ని చూడమను."

ఫోన్ పెట్టేశాక లలిత క్యాలెండర్ వంక చూసింది. తర్వాత నా వంక.

"అయితే ఆ రెండున్నర కిలోలు ఎవరివండీ?"

అన్నీ చెప్పేశాను. సున్నుండలు, కాజాలు, ఖాళీ పెట్టె. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"నేను నోరు కట్టుకున్నది మీకు తోడుగా అనుకున్నాను. నా వాటా మీకు మిగల్చడానికని తెలీదు" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంక మొక్కెందుకు, తినేయమని మిగిలిన పెట్టె తీసి ఇచ్చాను. తీసుకోలేదు.

"ఆరో తారీఖు దాకా అన్నాను. ఆరో తారీఖు దాకానే."

అక్టోబర్ 6, సోమవారం.

ఉదయం 11:00. 141.

మాత్రలు రాశాడు. రోజుకొకటి. మూడు నెలలు చూసి, తగ్గకపోతే వేరే ఆలోచిద్దామన్నాడు. వేరేది ఏమిటో నేను అడగలేదు, లలిత అడిగింది. సూదే.

ఇంటికొచ్చాక నేనే పెట్టె విప్పి పూతరేకు ఆవిడ చేతిలో పెట్టాను. కళ్ళు మూసుకుని తింది. రెండు వారాల తర్వాత మొదటి తీపి. గడ్డం మీద చక్కెర పొడి అంటుకుంది, తుడుచుకోలేదు. ఆవిడ కళ్ళు తెరిచేసరికి నావి తడిగా ఉన్నాయి.

"ఈసారి నువ్వు మానొద్దు. నా ఎదురుగానే తిను" అన్నాను.

సరేనంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు.

అక్టోబర్ 7, మంగళవారం. రోజు 1.

ఉదయం 5:30. లేచాను. నడిచాను. కుర్మయ్య ఏమీ అడగలేదు, నేనే చెప్పుకున్నాను.

బరువు: 86.7. క్యాలెండర్ మీద 84 కొట్టేసి ఇదే రాశాను.

8:00. మాత్ర. రాగిజావ, ఉప్పు మాత్రమే వేసింది. లలిత ఎదురుగా కూర్చుని పూతరేకు తింటోంది. నెమ్మదిగా, నన్నే చూస్తూ.

పెట్టెలో ఇంకా ఎనిమిదున్నాయి.