పడవ లిస్టులో నీ పేరు

యాదగిరీ,

నువ్వు చనిపోయి ఏడాదైంది. ముగ్గురం కలిసి పోదామనుకున్న అండమాన్‌కు మిర్యాలగూడ నుంచి నేనూ సత్తయ్యా ఇద్దరమే వచ్చాం. పొద్దున సముద్రంలో చేపలు చూపించే పడవ ఎక్కేముందు, లిస్టులో నీ పేరు కూడా రాశాను. బడి ఎగ్గొట్టినప్పుడల్లా నీ హాజరు పలికింది నేనే కదా!

పడవవాడు నీ పేరు మూడుసార్లు పిలిచాడు. మూడో మనిషి రానిదే పడవ కదలదన్నాడు.

"నీ కోతి ఏషాలు ఈడ గూడ బంద్ జెయ్యవారా?" అన్నాడు సత్తయ్య, నా మొహం చూడకుండా.

"ఉన్నా సార్" అందామని నోరు తెరిచాను. కానీ పెన్ను అడిగి నీ పేరు నేనే కొట్టేశాను. దాంతోనే ఒళ్లంతా అలసిపోయిందిరా.

చేపలున్న చోట పడవ ఆగగానే సత్తయ్య నీళ్లలోకి దిగి అరిచాడు: "దిగురా! వాడుంటే ఈపాటికి నిన్ను తోసేటోడు!"

తోసేవాడు లేక పడవలోనే కూర్చున్నాను.