వాయిదాల పెసరట్టు

బుధవారం రాత్రి, 1998

ఈ రోజు మా ఆయన మీదున్న కేసు కోర్టులో కొట్టేశారు. అప్పట్లో పంచదార ఫ్యాక్టరీ నుంచి లారీలో చెరకు మడ్డి తోలుకొస్తుంటే, ఆ పులిసిన కంపుకే తాగి లారీ నడుపుతున్నాడని రాసేశారు పోలీసులు. డాక్టరుకి చూపించనైనా లేదు.

“ఒప్పేసుకుని ఫైను కట్టేస్తే ఇవాళే వదిలిపోద్దండి,” అన్నారు ప్లీడరు గారు మొదట్లోనే.

“తాగకుండా తాగానని ఎలా చెప్తానండి?” అన్నారు ఈయన. మొండిఘటం! “తాగకపోతే కేసెందుకు రాస్తారొదినా?” అన్న ఆడపడుచు మాట నేను మర్చిపోలేదు. ఆయన్ని నమ్మానని అందరికీ తెలియాలనే ప్రతి వాయిదాకీ నేనూ వెంట వెళ్లాను. చివరికి, పరీక్ష చేసిన కాగితమేదని జడ్జి గారు అడిగితే పోలీసుల దగ్గర లేదు.

పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరమే రాజమండ్రి బస్సెక్కింది ఆ వాయిదాలకే. కోర్టు ఎదురుగా హోటల్లో ఒక్క పెసరట్టు చెరిసగం తినేవాళ్లం. జడ్జి గారు సెలవైతే గోదావరి గట్టున కూర్చునేవాళ్లం. లైసెన్సు పోతుందేమోనని లోపల బెంగ, అయినా ఎంత నవ్వుకున్నామో...

ఇందాక పడుకోబోతూ అడిగారు, “అయితే వచ్చే నెల కోర్టు లేనట్టేగా?”

“లేదండి.”

దుప్పటి సర్దుకున్నారు. తర్వాత మెల్లగా, “పెసరట్టుకైనా వెళ్లొద్దామే,” అన్నారు.