ఊరికి రెండు గంటలు

బండకొట్టాల,
ఏప్రిల్ 9, బుధవారం.

చిరంజీవి షాహీనాకు మీ అమ్మ సలాము, వెయ్యి దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా. మీ నాయన మోకాలి నొప్పి తగ్గి మళ్లీ సిమెంటు లారీ ఎక్కాడు. లక్నో ఎండలు మన ఎర్రగుంట్ల ఎండల ముందు ఏపాటివని రాశావు. అయినా తలకు గుడ్డ లేకుండా బయటికి పోవద్దు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ కాలేజీలో ఉత్తుత్తి పార్లమెంటు పెడుతున్నారనీ, రాజ్యసభలో చిన్నా పెద్దా అన్ని రాష్ట్రాలకూ సమానంగా సభ్యులుండాలని నువ్వు వాదించాలనీ రాశావు. ఉత్తరప్రదేశ్‌కు ముప్పై ఒక్కరు, మనకు పదకొండు మంది, సిక్కింకు ఒక్కరేనన్న సంగతి నాకు ఇంతకాలం తెలియదు. చదవగానే ఒళ్లు మండింది. అంతమందిలో ఆ ఒక్కరు గొంతు చించుకున్నా ఎవరు వింటారు?

ఉదాహరణకు మన నీళ్ల కమిటీ కథ చెబుతానన్నావు, అంతా గుర్తుందా అని అడిగావు. గుర్తులేకేం! అయిదు ఊళ్లకూ ఒకటే ట్యాంకు. మిట్టపల్లెలో తొమ్మిది వందల గడపలు, మనకు అరవై. జనమంతా చేరి చేతులెత్తితే ఎప్పుడూ వాళ్లదే గెలుపు. ఆ ఎండాకాలం మన వైపు వాల్వు పదకొండు రోజులు కట్టేశారు. పదో తరగతి పరీక్షలు పెట్టుకుని కూడా నువ్వు క్వారీ గుంట నుంచి బిందెలు మోశావు. అప్పుడే కదా నాలుగు చిన్న ఊళ్ల ఆడవాళ్లం రోడ్డు మీద కూర్చున్నాం! ఊరు ఎంతదైనా కమిటీలో ఊరికో మనిషి, మనిషికో చెయ్యి అని సాధించుకున్నాం. మన ఊరి తరఫున నన్ను పంపారు. దానికి ఈరోజుకీ గర్వపడతాను.

నీ గదిలో ఉండే ఉత్తరప్రదేశ్ పిల్ల అంజలి, "మా రాష్ట్రంలో జనం ఎక్కువైతే మేం ఒక్కొక్కరం తక్కువ మనుషులమా?" అని అడిగిందన్నావు. జవాబు నన్ను చెప్పమన్నావు. ఆ మాట దగ్గరే నాలుగు రోజులుగా ఆగిపోయాను. ఫోన్లో చెప్పడానికి నోరు రాక కాగితం తీసుకున్నాను.

నీకు చెప్పనిది ఒకటుంది తల్లీ. పోయిన ఏడాది నీళ్ల వేళలు తేల్చిన రోజు, ఊరికి రెండు గంటలు, అందరికీ సమానం అన్నది నేనే. మిట్టపల్లె తరఫున వచ్చే అంగడి రామకోటయ్య లేచి నిలబడ్డాడు.

"ఏమమ్మా జైనాబ్ బీ, అరవై గడపలకూ రెండు గంటలే, తొమ్మిదినూర్ల గడపలకూ రెండు గంటలేనా? ఇది యాడి న్యాయం?"

"మమ్మల్ని పదకొండు దినాలు ఎండబెట్టినప్పుడు ఈ న్యాయం యాడ పోయిందన్నా?" అన్నాను.

మావి నాలుగు చేతులు లేచాయి. ఆయనది ఒక్కటే. ఆ పూట నాకు ఎంత సంతోషమో!

మనకు అరగంటకే బిందెలూ తొట్లూ నిండిపోతాయి. మిగతా గంటన్నర నేను కొళాయికి పైపు తగిలించి పెరట్లో వదిలేస్తున్నాను. మొన్న ఆదివారం మిట్టపల్లె చివరి వీధిలో ఉండే శివలీల, నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే మనిషి, రెండు కిలోమీటర్లు నడిచి బిందెతో వచ్చింది. పెరట్లో బురద చూసింది. నన్ను తిట్టను కూడా తిట్టలేదు.

"మా ఈదికి నీళ్లు రాక తొమ్మిది దినాలాయక్కా. ఈడ సొరచెట్టు శానా బాగా తాగుతాండాది," అని కొళాయి కింద బిందె పెట్టుకుంది.

సిగ్గుతో చచ్చిపోయాను. మనల్ని ఎవరు ఏడిపించారో వాళ్లను ఏడిపించానని అనుకున్నాను గానీ, శివలీల ఎవరి వాల్వు కట్టింది?

ఎల్లుండి జుమ్మా నమాజు అయ్యాక కమిటీ ఉంది. ఊరికో చెయ్యి ఉండాల్సిందే, దాన్ని వదిలేది లేదు. అది లేకపోతే మన వాల్వు మళ్లీ కట్టేస్తారు. కానీ నీళ్ల గంటలు మాత్రం గడపలను బట్టి పంచాలని లేచి చెబుతాను. మనకు అరగంట చాలు.

"మనోళ్లే నిన్ను కమిటీలోంచి తీసేస్తారు, ఊరికే ఉండు," అంటున్నాడు మీ నాయన.

"తీసేయనీ. చెప్పినాకనే దిగుతా," అన్నాను.

నువ్వూ నీ వాదన వదలొద్దు. జనం లెక్క చూడటానికి లోక్‌సభ ఉండనే ఉంది, రెండో సభలోనైనా చిన్న రాష్ట్రం తలెత్తుకుని కూర్చోవాలి. అంజలి అడిగింది మాత్రం తప్పు కాదు, ఆ సంగతి ఆ పిల్లతో చెప్పు. మన కథ సగం చెప్పి చప్పట్లు కొట్టించుకోవద్దు. చిన్న ఊళ్లు గెలిచాక ఏం చేశాయో అది కూడా చెప్పు. ఆ పని చేసింది ఎవరని అడిగితే మా అమ్మేనని అందరి ముందూ చెప్పు. దానివల్ల నువ్వు ఓడిపోతే ఓడిపో.

ఇట్లు,
నీ మంచి కోరే
మీ అమ్మ,
జైనాబ్ బీ.